పసుపు రిబ్బను కట్టిన కాలు

"నా మీద ఆన. ఆ గడప తొక్కినావంటే చూసుకో" అంది మునియమ్మ.

కార్తిక్ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు వీధిలో ఉంచి ఆగిపోయాడు. చేతిలో ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన సంచీ ఉంది. అందులో స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్న బావమరిది పూర్ణచంద్ర బట్టలు, బెల్టు, ఒక చెప్పు. రెండో చెప్పు దొరకలేదు.

"లోపలికి రాను అత్తా. ఇది ఇచ్చిపోదామని."

"అత్తా అనొద్దు. నాకి అల్లుడు లేడు. ఉన్నింది ఒక్క కొడుకు. వాణ్ణి తీసుకపోయి ఇనుము కింద పెట్టేస్తివి."

పక్కింట్లో లుంగీ మగ్గం చప్పుడు ఆగింది. వీధి వింటోందని ఇద్దరికీ తెలుసు.

సుమిత లోపలినుంచి వచ్చింది. ముఖం కడుక్కుంది గానీ తుడుచుకోలేదు. గోడౌన్లో ర్యాకు కూలిన రోజు నుంచి ఆమె పుట్టింట్లోనే ఉంది. భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు.

"చాల్లేమ్మా. స్టేషనుకి పోవాల. చీర మార్చుకో పో."

"మార్చుకుంటా. కంప్లైంటు ఇచ్చింది నేను గదా. నేను లేకుంటే ఎట్ల?"

అల్లుడి పేరు పెట్టి అత్త ఫిర్యాదు ఇచ్చిందని తమిళనాడులోని ఆ గుడియాత్తంలో సగం మందికి తెలుసు. కార్తిక్‌కు మాత్రం ఎస్సై ఫోన్ చేసినప్పుడే తెలిసింది. ఈ రోజు వాంగ్మూలాలు రాస్తారు. తప్పు ఎవరిదని తేలుతుందో వాళ్ళు ఈ రాత్రికి ఇంటికి రారు. గోడౌన్ యజమాని ఆ మాట దాచకుండా చెప్పాడు. "రిబ్బను కట్టింది నీ పెళ్ళాం. సరుకు పెట్టించింది నువ్వు. ఇద్దరిలో ఒకరిదే తప్పు" అన్నాడు.

"నువ్వు చెప్పు" మునియమ్మ అల్లుడి మీదికి ఒక మెట్టు దిగింది. "వాణ్ణి ఆ ర్యాకు కాడికి పంపింది ఎవురు?"

"నేనే."

"ఈ పిల్ల ముందే చెప్పినాది గదా, సరుకు దించేయండి అని?"

"చెప్పలేదు."

సుమిత చేతిలోని తువ్వాలు కింద పడింది.

"ఏమన్నారు?"

"నువ్వు దించమని చెప్పలేదు సుమితా. దించబళ్ళేదు, దించే పనే లేదన్నావు. నేనడిగితేనే అన్నావు."

"నేనా? పసుపు కట్టినాక దించబళ్ళేదని నేనంటానా? ఈ పని ఎన్నేండ్లుగా చేస్తా ఉండా నేను? ఆ మాట నా నోట ఎట్ల వస్తాది?"

"వచ్చింది. ఈ చెవులతోనే విన్నా."

"అయితే చెవులు చూపిచ్చుకోండి, రాత్రిళ్ళు ఆస్పత్రిలోనే ఉండారు గదా."

"చెవుల్లో యాడుండాది జబ్బు" అంది మునియమ్మ. "మనిషిలో ఉండాది. సొంత పెండ్లాం మీదికి తోసి తప్పించుకుందామని చూస్తా ఉండాడు."

కార్తిక్ సంచీని మెట్టు మీద పెట్టాడు. అది ఒక పక్కకు ఒరిగింది. ముగ్గురూ దాన్ని చూశారు. ఎవరూ సరిచెయ్యలేదు.

*

సుమిత పని గోడౌన్లలో ర్యాకులు చూడటం. వేలూరులోని ఒక కంపెనీ ఆమెను ఊరూరికీ పంపుతుంది. ఇనుప స్కేలు, టార్చిలైటు, దారానికి కట్టిన గుండు, మూడు రంగుల రిబ్బన్లు ఆమె సామాను. ర్యాకు నిలువు కాళ్ళకు స్కేలు ఆనిస్తుంది. కాలు వంగి ఉంటే స్కేలుకూ ఇనుముకూ మధ్య వెలుతురు కనిపిస్తుంది. ఆ వెలుతురు ఎంత ఉందో కొలిచి రంగు నిర్ణయిస్తుంది. ఆకుపచ్చ కడితే పనికి అడ్డంకి లేదు. ఎరుపు కడితే ఆ క్షణమే సరుకంతా దించి, మనుషుల్ని దూరంగా పంపాలి. పసుపు ఈ రెంటికీ మధ్యది. సరుకు దించాలి, కొత్తది ఎక్కించకూడదు, కానీ పరుగులు పెట్టాల్సిన పని లేదు.

భర్త సూపర్వైజరుగా ఉన్న గోడౌనులో, ర్యాకు కూలడానికి కొన్ని రోజుల ముందు, ఆమె కట్టింది పసుపు.

నేల టైల్స్ పలకల పెట్టెలు పెట్టే వరుస అది. బరువైన సరుకు. ఫోర్క్‌లిఫ్టు బండి తగిలి ఒక కాలు మోకాటి ఎత్తులో లోపలికి వంగింది. రంగు లేచిపోయి ఇనుము బయటపడింది. కింద బోల్టులు గట్టిగానే ఉన్నాయి. ఆమె వంగి స్కేలు ఆనిస్తుంటే పూర్ణచంద్ర బండి ఆపి దిగి వచ్చాడు.

"అక్కా, నాడి యెట్ల ఉండాది?"

"జ్వరం ఉండాది."

"ఐసీయూనా, మాత్రలిచ్చి ఇంటికి పంపిచ్చేస్తావా?"

"మాత్రలే. పోరా, పని చూసుకో. బండి తోలేది చూసి తోలు. ఇది నీ పనే అనిపిస్తాది నాకి."

"నా పేరు చెప్పొద్దు. బావ కొడతాడు."

బావ ఆ పూట సరుకు విడిపించడానికి కాట్పాడి వెళ్ళాడు. సుమిత బస్సెక్కాక అతను ఫోన్ చేశాడు. పసుపు కట్టినావంట, సరుకు దించాల్నా అని అడిగాడు. ఆమె రెండు మాటల్లో జవాబు చెప్పింది. బస్సు కదిలింది. ఎప్పుడూ కంపెనీ కాగితం తర్వాత వస్తుంది, మాట ముందు వెళుతుంది. ఆ పని అంతటా అలాగే జరుగుతుంది.

ఆ వారంలోనే కార్తిక్ ఆ వరుస పై అంతస్తులో కొత్త సరుకు పెట్టించాడు. చివరి పలకల కట్టను ఎత్తి పెట్టి, బండి దిగి, అది సరిగా కూర్చుందో లేదో చూడటానికి పూర్ణచంద్ర దగ్గరికి వెళ్ళాడు. ర్యాకు వంగిన కాలు పూర్తిగా మడతపడి, ర్యాకంతా అతని మీద కూలింది.

*

బస్సులో తల్లీకూతుళ్ళు ఒక సీట్లో కూర్చున్నారు. కార్తిక్ వెనక మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ సీటు ఉన్నా కూర్చోలేదు.

"స్టేషన్లో నీళ్ళు నమలొద్దు" అంది మునియమ్మ.

"నమల్ను."

"అన్నది అన్నట్ట చెప్పు. ఒక అక్షరం ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

"చెప్తా."

"మొగుడని చూడొద్దు."

సుమిత కిటికీ వైపు చూసింది. విరించిపురం దాటుతోంది. పాలారు ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఇంకాస్త ముందుకు పోతే రోడ్డు పక్కన గోడౌన్ రేకుల కప్పు కనిపిస్తుంది. ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి గోడౌన్ వెనకబడింది.

"పాపా, నిద్రపోతివా?"

"లేదమ్మా."

"వాడు అబద్ధం చెప్తా ఉండాడు గదా? నిజంగానే నువ్వు చెప్పినావు గదా?"

తల్లి గొంతులో మొదటిసారి కోపం లేదు, భయం ఉంది. సుమితకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

"చెప్పినాను" అంది. "నేను ఆ మాట చెప్పకుండా యాడనైనా రిబ్బను కడతానామ్మా?"

ఆమెకు అందులో అనుమానం లేదు. అనుమానం లేకపోవడం వల్లే అంతా మరీ చీకటిగా ఉంది. తను చెప్పింది. భర్త విన్నాడు. విని కూడా సరుకు పెట్టించాడు. ఇప్పుడు లేదంటున్నాడు. ఇంత చేయగల మనిషి పక్కన తను ఇన్నాళ్ళు పడుకుంది.

*

స్టేషనుకు పోయే ముందు ఆస్పత్రి దగ్గర దిగారు. అక్కడ ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. మునియమ్మ వెళ్ళింది. బయట వరండాలో గోడవారగా వేసిన కుర్చీల్లో సుమిత తండ్రి లోకనాథం కూర్చుని ఉన్నాడు. ఆయనకు గుడియాత్తంలో బీడీల కొట్టు ఉండేది. ఇప్పుడు లేదు. కొడుకు ఇక్కడికి వచ్చినప్పటినుంచి ఆయన ఈ కుర్చీ వదల్లేదు. ఎవరి పక్షమూ మాట్లాడలేదు. రాత్రిళ్ళు అల్లుడు ఆయన పక్క కుర్చీలోనే కూర్చుంటాడు.

"డాక్టరు ఏమన్నాడు నాయనా?"

"ఏమీ అన్లేదమ్మా. రేపు చూస్తాం అన్నాడు. నిన్న గూడా అదే అన్నాడు."

సుమిత ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసి ఇచ్చింది. లోకనాథం గ్లాసు అందుకుని ఒక్కసారిగా నోట్లో పోసుకోబోయాడు. భార్య బయటికి రాగానే తాను వెళ్ళాలని ఆయన ఆత్రం. వేడి తగిలి పెదవి వెనక్కి తీశాడు.

"అవసరం లేదు నాయనా" అంది సుమిత. "ఆరినాక తాగు."

వరండా చివర నిలబడ్డ కార్తిక్ తలెత్తాడు.

"ఏమన్నావు?"

ఆమె అటు తిరగలేదు.

"సుమితా, నిన్నే. ఇప్పుడు మామతో ఏమన్నావు?"

"ఆరినాక తాగమన్నాను. అది గూడా లేదంటారా?"

"దానికి ముందు."

"అవసరం లేదన్నాను."

"ఏది అవసరం లేదు? కాఫీనా?"

"కాఫీ యాల వద్దంటాను? తాగతానే ఉండాడు గదా! మెల్లగా తాగమంటిని. నోరు కాల్తాదని. ఇది గూడా ఎస్సైకి చెప్పాల్నా?"

కార్తిక్ దగ్గరికి వచ్చాడు. కుర్చీ పట్టుకున్నాడు గానీ కూర్చోలేదు.

"ఆ పొద్దు ఫోన్లో నువ్వు నాతో అన్నది ఇదే మాట."

"ఏ మాట?"

"సరుకు దించాల్నా అని నేనడిగితిని. అవసరం లేదంటివి."

"అన్నాను. పసుపే గదా. అవసరం లేదు, మెల్లగా దించుకోండి అని."

"మెల్లగా దించుకోండి అని అన్లేదు. అవసరం లేదు. అంతే. ఫోన్ పెట్టేస్తివి."

"అవసరం లేదంటే అదే గదా! దించాల, కానీ ఉరుకులాడబళ్ళేదు అని. ఇంకేముంటాది దానికి?"

"మా రాయచోట్లో ఎవుర్నైనా అడుగు" అన్నాడు కార్తిక్. "మా అమ్మ నోట ఆ మాట వస్తే, అక్కర్లేదని. ఆ పనే వద్దని."

సుమిత భర్త ముఖంలోకి చూసింది. ఇన్ని రోజుల్లో చూడటం అదే మొదలు. గడ్డం పెరిగి ఉంది. కళ్ళు అబద్ధం చెప్పేవాడి కళ్ళలా లేవు. ఇంతవరకూ ఆమె ఆ కళ్ళు చూడకుండానే తీర్పు చెప్పుకుంది.

తమిళంలో 'అవసరం' అన్న మాటకు తొందర అని అర్థం. తరతరాలుగా తమిళం మధ్య బతికిన ఇంట్లో తెలుగులోకి కూడా ఆ అర్థమే వచ్చి కూర్చుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ గమనించలేదు. కార్తిక్‌కు తమిళం వచ్చు. కూలీలతో రోజంతా అదే మాట్లాడతాడు. తమిళంలో వింటే ఆ మాట అతనికి సరిగానే అర్థమయ్యేది. భార్య తెలుగులో అంది. అతను తెలుగులోనే విన్నాడు.

"తొందర లేదు అనుంటే సరిపోయేది" అన్నాడు మెల్లగా.

"మా ఇంట్లో తొందరంటే వేరే. ఇబ్బంది పెట్టేదాన్ని తొందర అంటాం."

లోకనాథం గ్లాసు కింద పెట్టాడు.

"నీళ్ళప్పా" అన్నాడు.

"కావాల్నా నాయనా?"

"తాగేదానికి కాదు." ఆయన అల్లుడి వైపు చెయ్యి చూపించాడు. "పెండ్లైన మర్నాడు. ఈయప్ప స్నానానికి లేస్తే మీ అమ్మ అన్నాది, 'నీళ్ళకి అవసరం లేదు మాపిళ్ళా' అని. పొయ్యి ఇంకా అంటుకోలా. ఈయప్ప పోయి తొట్లో చన్నీళ్ళు పోసుకున్నాడు. తై నెల, సంక్రాంతి చలి. దవడలు కొట్టుకుంటా వస్తే ఇంటిల్లిపాదీ నవ్వినాము. రాయచోటి మాపిళ్ళకి చలి లేదే అని."

"కొత్తల్లుడికి వేన్నీళ్ళు అక్కర్లేదన్నారనుకున్నా మామా" అన్నాడు కార్తిక్. "అడిగేదానికి సిగ్గయింది."

"నవ్వినాము. యాల చన్నీళ్ళు పోసుకున్నాడని అడగలా."

నర్సు ఒకామె తలుపు తీసి, ఎవరి పేరో పిలిచి, మళ్ళీ మూసింది. వాళ్ళ పేరు కాదు.

"ఇంకోసారి అడిగుండొచ్చు గదా మీరు" అంది సుమిత. "పసుపు కనపడతానే ఉండాది గదా కళ్ళముందర."

"అనిపించింది. పసుపు కట్టి దించబళ్ళేదంటాదేంది అని. కానీ నువ్వు గదా చెప్పింది. నీ మాట మీద ఇంకో మాట ఎందుకనుకున్నా." అతను ఆగాడు. "నువ్వు ఇంకొక్క మాట చెప్పుండొచ్చు."

"చెప్పుండొచ్చు" అంది సుమిత.

తప్పు ఎవరిదో తేలితే తేలిక అవుతుందనుకున్న మనసు ఇంకా బరువెక్కింది. ఇప్పుడు కోప్పడటానికి ఎవరూ మిగల్లేదు. ఆమె ముఖాన్ని చేతుల్లో దాచుకుంది. ఏడుపు రాలేదు.

"పోదాం" అంది లేచి. "ఎస్సైకి ఇదే చెప్తాం. ఉన్నది ఉన్నట్ట. ఇద్దర్లో ఎవురూ అబద్ధం చెప్పలేదని."

"ఆయన రాసేది తమిళంలో అమ్మా" అన్నాడు లోకనాథం.

"రాయనీ."

"నిమ్మళంగా విను. నువ్వన్నమాట అన్నట్టే చెప్పినావంటే, అవసరం ఇల్లై అని రాస్తాడు. తమిళంలో దానికి ఒకటే అర్థం, తొందర లేదని. నువ్వు దించమన్నావని, ఈయప్ప దించలేదని అయిపోతాది. ఈయప్ప జైలుకి పోతాడు."

"వేరే మాట పెడతాం. అక్కర్లేదనేదానికి తేవై ఇల్లై అంటారు గదా."

"ఆ మాట నువ్వన్లేదే. అన్నానని రాయించినావంటే నువ్వు పోతావు. పసుపు కట్టి దించబళ్ళేదని చెప్పిన మనిషివి అయితావు." ఆయన కింది గ్లాసు తీసుకుని చేతుల్లో తిప్పాడు. "రెండూ ఒకేసారి పలికే మాట తమిళంలో లేదు."

తలుపు తెరుచుకుంది. మునియమ్మ బయటికి వచ్చింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"చెయ్యి పట్టుకుంటిని. చల్లంగా ఉండాది. పూర్ణా అంటే కన్ను గూడా కదల్లా."

లోకనాథం లేచి లోపలికి వెళ్ళిపోయాడు. సుమిత తల్లిని కూర్చోబెట్టి, ఒక్కొక్క మాటగా జరిగింది చెప్పింది. మునియమ్మ చివరిదాకా విన్నది. వింటున్నంతసేపూ మూసిన తలుపు వైపే చూసింది.

"నా కొడుకు నోట్లో గొట్టం పెట్టుకోని పండుకోనుండాడు" అంది. "మీరు బయట కూచోని ఒక మాటకి అర్థాలు వెతకతా ఉండారా?"

"అది కాదమ్మా..."

"నాకొద్దు. ఎవురో ఒకరు చేసినారు. చెయ్యకుండా ఇట్ల కాదు. ఎవురూ చెయ్యలేదని చెప్పొద్దు నాకి. ఆ మాట మాత్రం చెప్పొద్దు."

*

ఎస్సై శంకరన్ మర్యాదస్తుడు. మునియమ్మకు ఫ్యాను కింద కుర్చీ వేయించాడు. ఆయనకు తెలుగు రాదు. అంతా తమిళంలోనే జరిగింది.

"ఎక్కువ వద్దమ్మా. ఆ రోజు ఫోన్లో మీరన్న మాట చాలు" అన్నాడు సుమితతో. పక్కన కానిస్టేబుల్ కంప్యూటరు ముందు వేళ్ళు ఆనించి కూర్చున్నాడు.

సుమిత చెప్పింది. తన ఇంట్లో ఆ మాటకు ఏ అర్థమో, భర్త ఇంట్లో ఏ అర్థమో, ఫోన్లో ఎలా జరిగిందో తడబడకుండా చెప్పింది. శంకరన్ మధ్యలో ఆపలేదు. అంతా విని, అడిగాడు.

"మీ ఇంట్లో అవసరం అంటే తొందరే కదా?"

"అవును సార్."

"ఈయన మీ ఇంటి అల్లుడై ఎంతకాలమైంది?"

"మూడేళ్ళు దాటింది."

"మూడేళ్ళుగా ఆ మాట వింటున్నాడు. మీరు చెప్పింది అర్థం కాలేదంటే నేను నమ్మినా పైవాళ్ళు నమ్మరమ్మా." ఆయన గొంతులో వెటకారం లేదు. మునియమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీ ఇంట్లో ఆ మాటకి రెండు అర్థాలున్నాయా?"

"లేవు సార్. ఒకటే."

"ఈయన దాన్ని వేరేగా అర్థం చేసుకుంటాడని మీకు ఎప్పుడైనా తెలిసిందా? ఇంతకుముందు ఏదైనా ఒక్కసారి?"

సుమిత తల్లి వైపు తిరిగింది. వరండాలో నాన్న గుర్తు చేసిన చన్నీళ్ళ సంగతి కూడా తానే తల్లికి చెప్పింది. తల్లి మరిచిపోయే అవకాశం లేదు. మునియమ్మ ఒడిలో చేతులు పెట్టుకుని ఫ్యాను వైపు చూస్తోంది.

"లేదు" అంది.

శంకరన్ తల పంకించాడు. కానిస్టేబుల్‌కు చెప్పసాగాడు. "ర్యాకు చూసిన మనిషి అదే రోజు ఫోన్లో 'అవసరం ఇల్లై' అని..."

"కాదు సార్" అంది సుమిత.

టైపు చేసే చప్పుడు ఆగింది.

"తేవై ఇల్లై. నేనన్నది అదే. దించాల్సిన పని లేదన్నాను."

"అబద్ధం!" మునియమ్మ లేచి నిలబడింది. ఉన్నపాటున తెలుగులోకి వచ్చేసింది. "అబద్ధం చెప్తా ఉండాది సార్ ఈ పిల్ల! పాపా, ఏమ్మే, పిచ్చి పట్టినాదా నీకి?"

"కూచోమ్మా."

"యాడ కూచోనేది? కొడుకు ఆడ, నువ్వు ఈడ! నేను ఎవుర్ని చూసుకోవాల? ఒగిరిని పోగొట్టుకోని చాలక ఇంకొగిరినా?"

"ఆయన విన్నది అదే అమ్మా. ఆయన విన్నదే రాయిస్తా ఉండా."

శంకరన్ చేయి ఎత్తాడు. మునియమ్మ కూర్చుంది.

"ఈ మాట రాస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు సుమితతో. "ఆ ర్యాకు ప్రమాదం లేదని మీరే చెప్పినట్టు. అది పడింది. ఆస్పత్రిలో ఉన్న అబ్బాయికి ఏదైనా అయితే మీరు ఆ పని మళ్ళీ చేయడం అటుంచి, బయట తిరగలేరు."

"తెలుసు సార్."

"ఇంతకుముందు ఒకటి చెప్పారు. ఇప్పుడు ఇంకొకటి. నేను ఏది రాయాలి?"

సుమిత కంప్యూటరు తెర వైపు చూసింది.

శంకరన్ కార్తిక్‌ను ముందుకు రమ్మన్నాడు.

"నువ్వు చెప్పప్పా. విన్నది నువ్వు. నీ భార్య అన్నది ఏ మాట?"

కార్తిక్ బల్ల అంచు పట్టుకున్నాడు. తమిళంలో రెండే మాటలున్నాయి. ఒకటి అతన్ని లోపలికి పంపుతుంది, ఒకటి ఆమెను. మొదటిది ఆమె అన్న మాట. రెండోది అతను విన్న మాట.

"అవసరం లేదన్నాది సార్" అన్నాడు తెలుగులో.

"తమిళంలో చెప్పు."

"అవసరం లేదన్నాది."

కానిస్టేబుల్ ఎస్సై ముఖం చూశాడు. శంకరన్ ఓర్పుగానే ఉన్నాడు.

"తమిళంలో చెబితేనే నేను రాయగలనప్పా."

కార్తిక్ భార్య వైపు తిరిగాడు. సుమిత అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

రెండింటిలో ఏ మాట వద్దంటోందో అతనికి అర్థం కాలేదు.